కుడి నుంచి మొదలైన దవడ

మ్యూజియం ఉద్యోగమంటే దుమ్ము తుడవడమే అని మీకెవరైనా చెప్పి ఉంటే, సగం నిజమే చెప్పారు. మిగతా సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను. పాతబస్తీలోని ఒక కాలేజీ జంతుశాస్త్ర మ్యూజియంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. నాకు ఇంక్రిమెంటు ఎప్పుడొచ్చింది, నా ఫైలు మీద ఎవరు కూర్చున్నారు లాంటి సంగతులు ఇందులో ఉండవు. అవి తలుచుకుంటే నాకే విసుగు.

ఒక దవడ గురించి చెబుతాను. ఆ దవడ వల్ల ఒక పెద్దమనిషి ఇరవై ఏళ్ల పని చెత్తబుట్టలోకి పోబోయింది. దవడ వల్ల అనడం కూడా తప్పే. నా వల్ల.

చేరిన కొత్తలో

యాభైల నడుమ చేరాను. మా ఇల్లు ఉప్పుగూడలో. మా నాన్న, బాపు అనేవాళ్లం, గుడిలో అర్చకులు. ఉద్యోగం వచ్చిందని చెబితే సంతోషించి, ఆ తర్వాత నెమ్మదిగా అడిగారు.

"ఏం పని బిడ్డా?"

"విరిగిపోయిన ఎముకలు, పళ్లు అతికించుడు బాపూ."

బాపు ముఖం మారింది. "ముట్టుకుంటవా వాటిని?"

"అసలువి కావు బాపూ. ప్లాస్టర్ అచ్చులు. సున్నం లెక్క."

అది సగం అబద్ధం. అలమారాలో అసలు మేక పుర్రెలు, పిల్లి పుర్రెలు కూడా ఉండేవి. బాపుకు అది తెలుసని నాకు తెలుసు. "గట్లయితే సరే. ఇంటికొచ్చినంక మాత్రం తానం చెయ్యి" అన్నారు. ముప్పై ఏళ్లు ఆ మాట తప్పలేదు.

నాది టెంపరరీ పోస్టు. మా దగ్గర దాన్ని కచ్చా నౌకరీ అనేవాళ్లు. ఏడాదికోసారి పొడిగింపు రావాలి, ఆ పొడిగింపు ప్రొఫెసర్ గారి ఒక్క సంతకం మీద ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇద్దరు పెద్దలు

మ్యూజియం చూసుకునే డిమాన్‌స్ట్రేటర్ యూసుఫ్ సాబ్. మాదన్నపేటలో ఉండేవారు. పొద్దున కూరగాయల సంచీతో కాలేజీకి వచ్చి, సాయంత్రం అదే సంచీతో ఇంటికి పోయేవారు. మధ్యలో టమాటాలు తిమింగలం వెన్నుపూస పక్కన చల్లగా కూర్చునేవి. నేను చేరడానికి కొన్నేళ్ల ముందు దాకా మా కాలేజీలో చదువంతా ఉర్దూలోనే. ఆయన ఇరవై ఏళ్ల పాటు మ్యూజియంలోని ప్రతి వస్తువు గురించి ఒక లావుపాటి రిజిస్టరులో ఉర్దూలో రాశారు. ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పన్ను ఎంత అరిగింది, ఏ పగులు పాతది, ఏది మనవాళ్లు చేసింది, అన్నీ అందులో ఉండేవి. తెలుగు మనలాగే మాట్లాడేవారు గాని అక్షరాలు రావు.

ప్రొఫెసర్ శేషగిరి గారు మద్రాసులో చదువుకొని రెండేళ్ల ముందే మా దగ్గరికి వచ్చారు. చేపల మొప్పల్లో బతికే పురుగుల మీద ఆయనకున్న పట్టు గొప్పది, పాఠం చెబితే గంట నిమిషంలా పోయేది. ఆయనకు ఉర్దూ రాదు. చెడ్డవారు కాదు. తనకు చదవడం రాని భాషలో ఉన్నదంతా తప్పే అయి ఉంటుందనుకునే మంచివారు. అలాంటి మంచివాళ్లు మీకూ తగులుతారు.

ఆ ఏడాది ఒక కమిటీ వేశారు. చదువు ఇంగ్లీషులోకి మారింది కాబట్టి పాత రిజిస్టర్లలో ఏవి ఉంచాలి, పాతవాళ్లలో ఎవరిని ఎక్కడ వాడుకోవాలి అని తేల్చడానికి. రిజిస్టరు నమ్మదగింది కాదంటే దాన్ని చిత్తు కాగితాల్లో పడేస్తారు. యూసుఫ్ సాబ్‌ను స్టేషనరీ గోదాంకు పంపుతారు. అక్కడ పని, సుద్దముక్కల పెట్టెలు ఇచ్చి సంతకాలు తీసుకోవడం. ఆయనకు రిటైరు కావడానికి ఇంకా మూడేళ్లుంది.

శాకాహారుల ఇంట్లో పుట్టిన మాంసాహారి

ఇప్పుడు దవడ. ఆస్ట్రేలియాలో ఎప్పుడో అంతరించిపోయిన ఒక సంచిజంతువుది. కంగారూలాగా పిల్లను పొట్టసంచిలో పెంచే జాతి, కాని చిరుతంత ఒళ్లు. మేం సంచి సింహం అనేవాళ్లం. దాని పై దవడ, కింది దవడ ప్లాస్టర్ అచ్చులు చాలా ముందే మా మ్యూజియానికి వచ్చాయి. రెండింటికీ వెనక పళ్లు ఒక్క పక్కవే ఉన్నాయి.

ఆ నోరు చూస్తే మొదట నవ్వొస్తుంది. పులికీ పిల్లికీ ఉండే పెద్ద కోరలు దీనికి లేవు. కింది దవడలో ముందుకు పొడుచుకొచ్చిన రెండు పళ్లు కోరల పని చేస్తాయి. ఆ రెండు పళ్లు కంగారూల వంశానికి గుర్తు, అంటే ఆకులూ గడ్డీ తినేవాళ్ల గుర్తు. వాటి వెనక ఒక చిన్న మేకులాంటి పన్ను. దాని వెనక వేలెడు పొడవున్న కత్తి. నిజంగా కత్తిపీటలాంటి పన్ను అది. దాని వెనక నమలడానికి ఉండాల్సిన పెద్ద దవడపళ్లు రెండే, అవీ కుంచించుకుపోయి ఉంటాయి. నమిలే పని మానేసి కోసే పని పట్టిన నోరన్నమాట. గడ్డి తినేవాళ్ల వంశంలో పుట్టి మాంసానికి మరిగింది. మా ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

ఇక్కడొక మాట జాగ్రత్తగా వినండి. పన్ను చేసే పనిని బట్టి వంశం చెప్పలేం. కోసే పన్ను ఎవరికైనా రావచ్చు. వరుసలో ఎన్నో పన్ను కత్తిగా మారింది అన్నదే అడగాలి. ముందున్న చిన్న దవడపన్ను కత్తిగా మారితే అది కంగారూల చుట్టం. వెనక దవడపళ్లు కత్తులైతే అది వేరే వంశం, పుట్టుకతోనే మాంసం తినే సంచిజంతువులది. కాబట్టి ఈ దవడలో అన్నిటికన్నా ముఖ్యం పళ్ల వరుస. నేను పాడుచేసింది సరిగ్గా దాన్నే.

నాలుగు గళ్ల పెట్టె

అలమారాలు మార్చేటప్పుడు కింది దవడ కిందపడి, ముందు రెండు పళ్లు నిలిచి, వెనక నాలుగు చిగుళ్ల దగ్గర విరిగిపోయాయి. యూసుఫ్ సాబ్ ఆ నాలుగింటినీ ఏరి, నాలుగు గళ్లున్న పొడుగాటి చెక్కపెట్టెలో పేర్చి, ఒక చీటీ పెట్టారు. ఆ తర్వాత చెమ్మకు విరిగిన అంచులు అరిగిపోయి, ఏది దేని మీద కూర్చునేదో తెలియకుండా పోయింది.

కమిటీ వచ్చే ముందు నెల సాబ్ కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టారు. ప్రొఫెసర్ గారు నన్ను పిలిచి, కమిటీ చూసేలోగా ఆ దవడ అతికించమన్నారు. చీటీ ఉర్దూలో ఉంది, నాకు చదవరాదు. ఒక విద్యార్థినిని అడిగితే చదివి చెప్పింది, "ముందు నుంచి వెనక్కి, వరుసగా" అని ఉందట. ఇంకేం కావాలి నాకు? ఎడమ చివరి గడిలోది తీసి మొదట పెట్టాను, కుడి చివరిది ఆఖరున పెట్టాను. ఎటు నుంచి పేర్చినా నాలుగు పళ్ల పొడవు ఒక్కటే కదా, చక్కగా సరిపోయింది. వడ్రంగులు వాడే సరేసు జిగురుతో అతికించి, గీరి, నునుపు చేసి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఇప్పుడు ఆ కత్తి పన్ను దవడలో వెనక్కి వెళ్లింది. దాని వెనక ఒక్క మేకు పన్ను మాత్రం మిగిలింది. ప్రొఫెసర్ గారు చూసి కుర్చీలోంచి లేచారు. మా లైబ్రరీలో ఆ జంతువు గురించి అర పేజీ ఉంది, బొమ్మ లేదు. ఎవరితోనో రిజిస్టరు చదివించుకున్నారు. అందులో కత్తి పన్ను ముందుందని, దాని వెనక రెండు దాడలు, అంటే దవడపళ్లు, ఉన్నాయని, ఈ జంతువుది గడ్డి తినేవాళ్ల ఖాన్‌దాన్ అని ఉంది.

"చూశారా? ముందేదో వెనకేదో తెలియని మనిషి రాసిన రిజిస్టరు ఇది" అన్నారు నాతో. "ఈ ఒక్కటి చాలు."

ఆ జంతువు మాంసాహారుల వంశానిదని ఆయన ఒక వ్యాసం కూడా మొదలుపెట్టారు. ముందుకు పొడుచుకొచ్చిన ఆ రెండు పళ్ల సంగతేమిటని నేనైనా అడగలేదు. నేను అతికించిన దవడ మీద అంత పెద్దాయన వ్యాసం రాస్తుంటే నాకు నేల మీద కాలు నిలవలేదు.

సాబ్ తిరిగొచ్చారు

కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకొని యూసుఫ్ సాబ్ వచ్చారు. దవడను ముక్కు దాకా తెచ్చుకొని చాలాసేపు చూశారు.

"నువ్వు పెట్టినవా బేటీ?"

"అవును సాబ్."

"అతుకు కనవడ్తలేదు. చెయ్యి మస్తు సాఫ్ ఉంది నీది."

అంతే అన్నారు. నేను పొంగిపోయాను. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రోజు నుంచి ఆయన తన బల్ల సొరుగులు ఒక్కొక్కటే ఖాళీ చేయడం మొదలుపెట్టారు. గోదాం మాట చెవిన పడి ఉంటుందనుకున్నాను గాని, నా దవడకూ ఆ సొరుగులకూ సంబంధం ఉందని తట్టలేదు.

కమిటీ రావడానికి మూడు రోజుల ముందు, క్లాసు కోసం ఆయన ఎలుక ఎముకలు పళ్లెంలో పేరుస్తున్నారు. పుర్రె తీసి కుడి చివర పెట్టారు. తర్వాత మెడ, వెన్ను, తోక ఎడమ వైపు సాగుతున్నాయి. కన్ను సరిగ్గా కనిపించడం లేదేమోననుకున్నాను.

"ఏంది సాబ్, తోక ఇటు దిక్కు పెడ్తున్రు?"

"తల ముందు పెడ్తరు గద బేటీ."

"ముందంటే ఎడమ దిక్కు గద?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. "మీ లెక్కల ఎడమ" అన్నారు. "మా లెక్కల కుడి." అని, ఎక్కువ మాట్లాడినట్టు దగ్గి, ముఖం తిప్పుకున్నారు.

ఉర్దూ కుడి నుంచి రాస్తారని హైదరాబాదులో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు, దుకాణాల బోర్డులు చూస్తూ పెరిగినదాన్ని నాకు తెలియదా! రాసే చెయ్యే పళ్లను కూడా పేరుస్తుందని మాత్రం తోచలేదు.

అలమారా దగ్గరికి పరుగెత్తాను. విరగని పై దవడ తీసి నా కింది దవడ మీద పెట్టి నోరు మూశాను. పై కత్తి కింద ఒక బుడిపె పన్ను వచ్చింది. కింది కత్తి ఖాళీలోకి పొడుచుకుంది. కింది కత్తికి బయటి చెంపన, పై కత్తికి లోపలి చెంపన అరిగి మెరిసే నునుపు ఉంది. బతికున్నన్నాళ్లూ ఒకదాన్నొకటి రాసుకుంటేనే ఆ మెరుపు వస్తుంది. నేను అతికించిన నోట్లో అవి ఒకదాన్నొకటి చూసుకోనే లేదు. నెల రోజులు ఆ దవడ నా చేతుల్లో ఉంది, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నోరు మూసి చూడలేదు.

వెనక్కి వచ్చాను. "మీకు మొదటి దినమే ఎర్కయింది గద సాబ్?"

"అయింది."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏమైతది? లొల్లి అయితది. నీది కచ్చా నౌకరీ. నాది మూడేండ్లల్ల అయిపోయే నౌకరీ. గోదాంల కూసుంట, ఏమైతది? ఫికర్ చెయ్యకు."

"రిజిస్టరు?"

ఆయన కంటికి కట్టిన గుడ్డ తీసి తుడుచుకున్నారు. ఆపరేషన్ కన్ను, నీళ్లు కారుతూనే ఉంటాయని డాక్టరు చెప్పాడన్నారు. నీళ్లు రెండో కంట్లోంచి కూడా వస్తున్నాయి.

రెండు రోజుల పిరికితనం

ఇక్కడ నన్ను నేను మెచ్చుకునేదేమీ లేదు. వెంటనే ప్రొఫెసర్ గారి గదికి వెళ్లి చెప్పేయాలి. వెళ్లాను. వ్యాసం రాసుకుంటూ తలెత్తి, "మీ దవడ భలే పని చేసింది" అన్నారు. సిరా సీసా నింపుకొని వచ్చేశాను. రెండో రోజు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను. నౌకరీ పోతుందన్న భయం ఒకవైపు, నలుగురూ నవ్వుతారన్న భయం ఇంకోవైపు. రెండోదే పెద్దది. తప్పు చేస్తే ఆ పూటే, నాలుగు గోడల మధ్యే చెప్పేయండి. ఆలస్యం చేసిన కొద్దీ వినేవాళ్లు పెరుగుతారు.

అన్నం తింటూ బాపును అడిగాను. "మంత్రం చదువుతుంటే తప్పు పోతే ఏం చేస్తవ్ బాపూ?"

"మళ్ల మొదటికెల్లి చదువుతా."

"ఎవ్వలు గుర్తువట్టకున్నానా?"

"నాకు ఎర్కయింది గదనే."

"పదిమంది ముందటనా?"

బాపు నా వైపు చూసి, "పదిమంది ముందటనే గద తప్పు చదివింది" అన్నారు. ఇంకేమీ అడగకుండా పప్పు వేసుకున్నారు.

నోరు మూసుకోవడం

కమిటీలో ముగ్గురు పెద్దలు. బల్ల మీద దవడ, పక్కన రిజిస్టరు. యూసుఫ్ సాబ్ గోడ దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డారు. కంటి గుడ్డ తీసేసి, ఉతికిన షేర్వానీ వేసుకొని వచ్చారు. ప్రొఫెసర్ గారు రిజిస్టరు తెరిచి, దవడ చూపించి, "ఇలాంటి ప్రాథమిక పొరపాట్లు ఉన్న రికార్డు మీద విద్యార్థులు ఆధారపడలేరు" అంటున్నారు.

"సార్," అన్నాను. "తప్పు రిజిస్టరులో లేదు సార్. దవడలో ఉంది."

ఆయన విసుగ్గా చూశారు. "పెద్దలు మాట్లాడుతున్నారు. మీరు కాస్త నోరు మూసుకుంటారా?"

"మూసుకుంటాను సార్. ముందు దీని నోరు మూసి చూడండి."

కావాలని అన్న మాట కాదు. భయంలో నోట్లోంచి అదే వచ్చింది. పెద్దల్లో ఒకాయన ఫక్కున నవ్వారు. ఆ నవ్వే నన్ను కాపాడింది. ప్రొఫెసర్ గారు నేను అలమారాలోంచి తెచ్చిన పై దవడ నా చేతిలోంచి తీసుకొని తానే పెట్టి చూశారు. తిప్పి చూశారు. మళ్లీ పెట్టారు. ఆయనకు అర్థమైపోయింది, మెడ దగ్గర ఎర్రబడింది.

నేను గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ సరేసు మీద వేసి కాసేపు ఉంచి, నాలుగు పళ్లూ ఊడదీశాను. ఊడదీయలేని జిగురు ఎప్పుడూ వాడకండి, మీ తెలివి మీద మీకు ఎంత నమ్మకమున్నా సరే. కుడి నుంచి మొదలుపెట్టి మళ్లీ పేర్చాను. నోరు మూశాను. పై కత్తి కింది కత్తి పక్కనుంచి జారింది, మెరుపు మెరుపును రాసుకుంది.

"కైంచీ!" అన్నారు ఆ నవ్వినాయన. కత్తెర.

"ఎవరు పేర్చారు ముందు?" అని ప్రొఫెసర్ గారు అడిగారు.

"నేనే సార్. సాబ్ కుడికెల్లి పెట్టిన్రు, నేను ఎడమకెల్లి తీసిన."

యూసుఫ్ సాబ్ గోడ దగ్గర నుంచి ఒకడుగు ముందుకేశారు. "చీటీ మీద తీర్, బాణం గుర్తు, గీయకుండ పెట్టిన. గల్తీ నాది గూడ ఉంది."

ప్రొఫెసర్ గారు జేబులోంచి తన వ్యాసం కాగితాలు తీసి నాలుగు ముక్కలు చేశారు. "మూసి చూడకుండా రాసింది నేను" అని కమిటీతో ఇంగ్లీషులో అన్నారు. అంతకు ముందు ఆయన మీద నాకు గౌరవం ఉండేది. ఆ రోజు నుంచి ఇష్టం కూడా మొదలైంది. నాకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. మరునాడు అలమారా తాళంచెవి మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

రిజిస్టరు ఉంచాలన్నారు. సాబ్ పదవీకాలం ముగిసేలోగా అందరూ చదవగలిగే భాషలోకి దాన్ని దింపాలని షరతు పెట్టారు.

రిజిస్టరు రెండో వైపు

మూడేళ్లు మేమిద్దరం అదే పని చేశాం. ఆయన చదివేవారు, నేను తెలుగులో రాసేదాన్ని. దాన్నుంచి ఇంగ్లీషు కాపీ టైపు చేసి ఆఫీసుకు పంపాం. ఆ కాపీ ఎటు పోయిందో దేవుడికెరుక. తెలుగుకు వేరే పుస్తకం అడిగితే దొరకలేదు. అప్పుడు సాబే దారి చూపించారు. ఉర్దూ రిజిస్టరు కుడి అట్ట నుంచి మొదలవుతుంది, వెనక సగం ఖాళీగానే ఉంది. పుస్తకం తిప్పి, ఎడమ అట్ట నుంచి నన్ను రాసుకోమన్నారు. అలా ఆయన అక్షరాలు అటు నుంచి, నావి ఇటు నుంచి నడిచి వచ్చాయి.

చివరికి నడుమ ఒక్క పేజీ మిగిలింది. ఆయన ఆఖరి రోజున దాన్ని చూపించి, "ఈ ఒక్కటి ఉంచు బేటీ. నాకు పనుంది" అన్నారు. సాయంత్రం కూరగాయల సంచీ తీసుకొని, అందరికీ సలాం చెప్పి, మాదన్నపేట వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తర్వాత రిజిస్టరు తెరిచాను. నడుమ పేజీలో తెలుగు అక్షరాలు. చిన్నపిల్లల రాతలాగా పెద్దపెద్దవి, వణుకుతున్నవి. మూడేళ్లు నా చెయ్యి చూస్తూ ఎవరికీ చెప్పకుండా నేర్చుకున్నారన్నమాట.

లిడాచూ సిమూ రునో

ఏ భాషో అర్థం కాలేదు. రెండుసార్లు చదివాను. అప్పుడు వేలు పేజీ కుడి చివర పెట్టి ఒక్కో అక్షరం ఎడమకు జరిపాను. నోరు మూసి చూడాలి. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అలవాటు కొద్దీ అట్లా రాశారో, నన్ను ఏడిపించడానికే రాశారో అడగాలని మరునాడే మాదన్నపేట వెళ్లాను. ఆయన వాకిట్లో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. విషయం చెప్పగానే భుజాలు కదిలేలా నవ్వారు.

"నువ్వు ఎటుదిక్కెల్లి చదివినవ్ బేటీ?"

"కుడికెల్లి సాబ్."

"గట్లయితే నేను మంచిగనే రాసిన" అన్నారు.